రాయి ముందుకు జారకుండా రాగితీగ చుట్టడం ఎలా?

తీగ చుట్టి రాళ్ల లాకెట్లు చేయడం నేర్చుకుంటున్నాను. రంధ్రం ఉన్న పూసలతో ఇబ్బంది లేదు, చిక్కంతా రంధ్రం లేని రాళ్లతోనే. ఇప్పుడు చేతిలో ఉన్నది నీటిబొట్టు ఆకారపు అమెథిస్ట్. అడుగు చదును, పైభాగం ఉబ్బెత్తు. మూడు తీగలు పక్కపక్కన పెట్టి, సన్నతీగతో కట్టి, రాయి చుట్టూ చట్రంలా వంచుతున్నాను. వెనక్కి పడకుండా అడ్డతీగలు ఆపుతున్నాయి. ముందువైపే, ఆ సన్నని కొస దగ్గర, మెడలో వేసుకుని కాస్త వంగితే చాలు, రాయి బయటికి తొంగిచూస్తుంది. ముందు తీగను అంచు మీదికి లాగితే పట్టు దొరుకుతుంది కానీ రాయి అందం సగం దాని కిందే పోతుంది. ఎంతవరకు లాగాలి? ఎన్నిచోట్ల?

ఇక తీగ. వీడియోల్లో చట్రానికి 20 గేజ్ అంటారు. అది అమెరికన్ కొలత, అంటే 0.81 మిల్లీమీటర్లు. బ్రిటిష్ కొలతలో అదే 20 అంటే 0.91. ఆ కాస్త తేడాకే వేళ్లు నొప్పి పుడుతున్నాయి. పైగా నాలుగుసార్లు వంచేసరికి గట్టిపడి మొరాయిస్తుంది. ఎర్రగా కాల్చితే రాగి మెత్తబడుతుంది, సరే; మరి ఆ తరువాత చట్రం బిగువు నిలుస్తుందా? మోటారు వైండింగ్ తీగ చవకే కానీ దాని పైపూత మంటకు మాడిపోతుంది.

వెండి జోలికి ఇప్పుడే వెళ్లను, ధర వింటేనే చేయి వణుకుతుంది. హైదరాబాద్‌లో మెత్తని రాగితీగ చిన్న చుట్టల్లో ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.