రసాయన రంగు వేసిన నూలుతో నేస్తే అది స్థానిక వస్త్రమేనా?

నీలికుండ:
పత్తి దగ్గరి చేలో పండింది. నూలు దగ్గర్లోనే వడికారు, మగ్గం పక్క ఊళ్లోదే. రంగు మాత్రం ఫ్యాక్టరీ డబ్బాలోంచి వచ్చింది. దానికి ‘స్థానిక వస్త్రం’ అని చీటీ కట్టడం తప్పంటాను. మీరేమంటారు?

పడుగుపేక:
పసుపు అద్దిన నూలు ఎండలో ఎన్నాళ్లు నిలుస్తుందండీ? ముందు అది చెప్పండి.

నీలికుండ:
పసుపు ఎండకు ఆగదు. నేను వాడను కూడా. పత్తి నూలుకు రంగు అంటుకునేందుకు ముందు కరక్కాయ, తర్వాత పటిక పట్టించి మంజిష్ఠ వేరుతో ఉడికిస్తే ఆ ఎరుపు ఏళ్ల తరబడి ఉంటుంది. నీలికైతే పటికే అక్కర్లేదు. కుండలోంచి తీసినప్పుడు పచ్చగా ఉండి, గాలి తగిలాక నీలమవుతుంది. 1856లో పెర్కిన్ అనే కెమిస్టు రసాయన ఊదా రంగు కనిపెట్టేదాకా లోకమంతా కట్టుకున్నది ఇలాంటి రంగులే కదా.

పత్తిచేను:
కిలో నూలు ముదురు ఎరుపు కావాలంటే దాదాపు అంతే బరువు మంజిష్ఠ వేరు కావాలి. అది పండించే నేల ఎవరిస్తారు?

కొత్తమగ్గం:
డబ్బా రంగుల ఉప్పునీళ్లు ఏ కాలువలోకి పోతున్నాయో కూడా చూడండి.

పడుగుపేక:
రంగు పట్టించడానికి పటిక బదులు క్రోమ్ లవణం వాడేవాళ్లు లేరా? ఆ నీళ్లు శుభ్రమా? పైగా పసుపు సంగతి ఇంకా తేలలేదు.

నీలికుండ:
తేల్చేశాను, మీరు చదవలేదు. మీకు కావాల్సింది సులువైన పని, అంతే.

పడుగుపేక:
సులువా? ఒక అద్దకందారు దగ్గర మంజిష్ఠ నూలు తెచ్చి ముప్పై మీటర్ల పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, పోశాను. గంజి పెట్టి, పోగు పోగూ అతికి మగ్గం ఎక్కించాక చూస్తే సగం ఒక ఛాయ, సగం ఇంకో ఛాయ. నిలువునా చారలు. అడిగితే ‘సహజ రంగంటే అలాగే ఉంటుంది, అదే అందం’ అన్నారు. ఆయన డబ్బు ఆయనకు ముందే ముట్టింది. కొన్నవాళ్లు గుడ్డ తిప్పి పంపింది నాకు. చీటీ మీద రంగు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, నేసినవాళ్ల పేరే ఉండదు.

నీలికుండ:
అంటే మీ గొడవ రసాయనం గురించి కాదన్నమాట. ఛాయ తేడా వస్తే నష్టం అద్దకందారే భరించాలి, ఒప్పుకుంటాను. డబ్బా రంగుకు ఆ చీటీ మాత్రం ఒప్పుకోను. ఇంకో మాట, నా కాగులో ముప్పై మీటర్ల పడుగు నూలు ఒకేసారి పట్టదు.

పత్తిచేను:
రెండు కాగుల నూలైతే ఆసు పోసేటప్పుడు, అంటే పడుగు పోగులు వరసగా చుట్టేటప్పుడు, ఒక పోగు ఇది, ఒక పోగు అది వేస్తే చార తెలియదట కదా?

పడుగుపేక:
అది నాకు తెలియదా అండీ! రెండు కాగులని ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే అలాగే పోసేవాణ్ణి.