చైన్ సా పదునుకు ఆకురాయా, కరెంటు గ్రైండరా?

నూజివీడు_మామిడి: గాలివానకు పడిన కొమ్మలు కోయడానికి చిన్న పెట్రోల్ చైన్ సా కొన్నాను. 3/8 పిచ్ ‘లో-ప్రొఫైల్’ (తక్కువ ఎత్తు) చైన్, పిచ్ అంటే లింకుల మధ్య దూరం. అప్పుడే పేళ్లు రావడం మానేసి పిండిలా పొట్టు రాలుతోంది. ఇంట్లోనే పదును పెట్టుకోవాలంటే గుండ్రటి ఆకురాయి చాలా, బెంచ్ గ్రైండర్ కొనాలా?

కోనసీమ_రైతు: ఆకురాయే అండి. మీ చైన్‌కి 4 మి.మీ.ది. షాపువాళ్లు 4.8 చేతిలో పెడతారు, అది .325 పిచ్‌కి, తీసుకోవద్దు. బార్‌ని (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలకని) వైస్‌లో బిగించండి. పంటి మీద గీత ఉంటుంది, దాని వెంబడి 30 డిగ్రీల వాలులో లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తేయాలి. ఆకురాయి మందంలో ఐదో వంతు పంటికి పైన కనబడాలి. ఒకవైపు పళ్లు పొట్టివై రెండోవైపు పొడవుంటే కోత పక్కకి లాగేస్తుంది.

సుబాబుల్_కోత: అందుకే గ్రైండర్. చేత్తో పట్టేవాళ్లకి కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా వస్తుంది. రాయి తగిలి చిట్లిన పళ్లను ఆకురాయితో ఎంతసేపు రుద్దుతారు?

కోనసీమ_రైతు: మా టౌన్‌లో ఒక షాపుకి కొత్త చైన్ ఇస్తే గ్రైండర్ మీద పళ్ల కొసలన్నీ నీలం చేసి ఇచ్చారు. ఉక్కు అలా మాడితే పదును నిలవదు. సగం పన్ను తినేశారు కూడా.

సుబాబుల్_కోత: అది చెయ్యి తప్పు, మిషన్ తప్పు కాదు. చక్రాన్ని తగిలించి వెంటనే తీసేయాలి.

కోనసీమ_రైతు: ఆకురాయితో ఎంత నొక్కినా నీలం రాదు. దానికి జవాబు చెప్పండి.

వెల్డింగ్_షాపు: పంటి ముందున్న బొడిపె (పన్ను ఎంత లోతు దిగాలో ఆపేది) సంగతి ఎవరూ ఎత్తరేం? పన్ను అరిగేకొద్దీ దాన్నీ చదును ఆకురాయితో తగ్గించాలి, పంటి కొస కంటే అది మామూలుగా 0.65 మి.మీ. కిందికి ఉండాలి. మరీ తగ్గిస్తే మిషన్ ఎగిరి మీదికొస్తుంది. గేజ్ పెట్టి చూడండి.

సుబాబుల్_కోత: మళ్లీ నీలమేనా? అన్నా, మీది సొంత తోట. నీడన కూర్చుని గంటసేపు రుద్దినా అడిగేవాళ్లు లేరు. మాకు టన్ను లెక్కన కడతారు. మొద్దు మీద కూర్చుని ఆకురాయి తీస్తే పని ఆపేశారేంటని రైతు అరుస్తాడు. అందుకే రాత్రే నాలుగు చైన్లు గ్రైండర్ మీద పెట్టుకుని వెళ్తాం. మొద్దుబారితే మార్చేసి కోస్తాం. చైన్ త్వరగా అరిగితే పోయేది నా డబ్బే.

కోనసీమ_రైతు: రైతు అరుస్తాడా? మా తోటకి వచ్చినవాళ్లు మొద్దు చైన్‌తోనే నెట్టి నెట్టి కోశారు. పొగ వస్తున్నా ఆపలేదు. మిషన్ నాది, బార్ మాడిపోయింది. పదును పెట్టుకోమంటే టైమ్ ఎవరిస్తారన్నారు. నా మంట అదీ.

సుబాబుల్_కోత: సరిగ్గానే అడిగారు. ఆ టైమ్‌కి కూలి ఇచ్చారా?

కోనసీమ_రైతు: పనిముట్టు చూసుకోవడం పనిలో భాగం. కొడవలి నూరుకున్నందుకు విడిగా ఎవరైనా అడుగుతారా?

సుబాబుల్_కోత: కొడవలి కూలివాడిదే కాబట్టి అడగడు. ఇక్కడ మిషన్ మీది. మీ పనిముట్టుకి నా గంట ఊరికే ఎందుకు పోవాలి?

వెల్డింగ్_షాపు: పాపం నూజివీడు ఆయన అడిగిందేంటి, మీరు మాట్లాడేదేంటి.

నూజివీడు_మామిడి: ఫర్వాలేదండి, నాకూ పనికొచ్చే మాటే. 4 మి.మీ. ఆకురాయి, గైడ్ ఆర్డర్ పెట్టాను. కోతకి మాత్రం మనిషినే పిలవాలి, మిషన్ నాదే. కూలి ఎలా మాట్లాడుకోవాలి?

సుబాబుల్_కోత: పదునుతో కలిపి రోజు కూలి మాట్లాడండి, టన్ను లెక్క వద్దు. ట్యాంకు నింపిన ప్రతిసారీ పంటికి రెండు మూడు తోపులు తోయమని ముందే చెప్పండి. మట్టి అంటిన కొమ్మని కడిగి ఇవ్వడం మీ పని.

కోనసీమ_రైతు: రెండు మూడు తోపులంటే ఆకురాయితోనేగా. నేను మొదట్నుంచీ చెప్పేది అదే. కూలి సంగతి మాత్రం ఒప్పుకోను.