3,35,50,336 పరిపూర్ణ సంఖ్యేనని కాగితం మీద తేల్చడం ఎలా?

ప్రశ్న:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కారణాంకాలు కూడి 6, 28, 496 పరిపూర్ణ సంఖ్యలని (అంటే ఆ సంఖ్యను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ అదే వస్తుందని) తనే తేల్చింది, 8128కి మాత్రం ఇద్దరం ఓ సాయంత్రమంతా కూర్చున్నాం. తర్వాతది 3,35,50,336 అట. నాలుగంకెల నుంచి ఒక్కసారే ఎనిమిదంకెలకు ఎందుకు వెళ్లింది, మధ్యలో ఇంకేం లేవా అని అడుగుతోంది. కంప్యూటర్ చెప్పిందంటే ఒప్పుకోదు.

లెక్కల మాస్టారు:
ఇది 8128 కన్నా కష్టమేం కాదండీ. ఆ సంఖ్య 4096 × 8191, అంటే 2¹² × (2¹³ − 1). 8191 ప్రధాన సంఖ్య కాబట్టి కారణాంకాలు రెండు గుంపులే. 1, 2, 4, 8 అలా 4096 దాకా కూడితే 8191 వస్తుంది. రెండో గుంపు వాటినే 8191తో హెచ్చించినవి, అసలు సంఖ్యను వదిలేయాలి కాబట్టి 2048 దగ్గర ఆగుతాం, మొత్తం 8191 × 4095. రెండూ కలిపితే 8191 × 4096, మన సంఖ్యే! ఈ పద్ధతి యూక్లిడ్‌ది. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలాగే ఉంటాయని ఆయిలర్ నిరూపించాడు. 8128 అంటే 2⁶ × (2⁷ − 1), బ్రాకెట్లో ఘాతం 7. ఆ ఘాతం కూడా ప్రధాన సంఖ్యే కావాలి కాబట్టి దాని తర్వాత 11 రావాలి, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89, ప్రధానం కాదు, అందుకే 13కి వెళ్లాల్సి వచ్చింది. బేసి పరిపూర్ణ సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు, 10¹⁵⁰⁰ లోపు లేదని నిరూపించారు కూడా. కాబట్టి మధ్యలో ఏమీ లేవు.

మరొకరు:
8191 ప్రధానమేనని కూడా పాపతోనే చేయించండి. దాని వర్గమూలం 90 చిల్లర, కానీ 90 లోపు 24 ప్రధాన సంఖ్యలతోనూ భాగించక్కర్లేదు. 2¹³ − 1ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 26తో భాగిస్తే 1 మిగలాలి (ఫెర్మా చిన్న సిద్ధాంతం వల్ల, అది తర్వాత చదువుకుంటుంది). 27 ప్రధానం కాదు, ఇక మిగిలినవి 53, 79. మొదటిదానితో శేషం 29, రెండోదానితో 54. రెండు భాగహారాలతో పని అయిపోయింది, నాకైతే ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇంకొకరు:
1 నుంచి 8191 వరకు వరసగా కూడినా ఇదే వస్తుంది, 1³ + 3³ + 5³ అంటూ 127³ దాకా కూడినా ఇదే. బైనరీలో 13 ఒకట్లు, వాటి వెనక 12 సున్నాలు. పరిపూర్ణ సంఖ్యల చివర 6, 8 మార్చిమార్చి వస్తాయని పాతకాలంలో అనుకునేవారు, ఇది 6తో ముగిసింది, దీని తర్వాతది 858,98,69,056 కూడా 6తోనే ముగిసింది, అక్కడితో ఆ మాట తప్పిపోయింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. భాగహారాలు రెండూ తనే చేసింది. బేసి ఘనాలతో 28, 496, 8128 కూడా వచ్చాయి, 6 మాత్రం రావట్లేదు, ఎందుకని?

లెక్కల మాస్టారు:
మంచి ప్రశ్న అడిగింది. ఎన్ని ఘనాలు కూడాలో తెలియాలంటే బ్రాకెట్లోని ఘాతంలోంచి 1 తీసేసి సగం చేసి, ఆ సగం 2కి ఘాతంగా వేయాలి. 13కి 6 వస్తుంది, 2⁶ = 64 ఘనాలు. 6 = 2 × (2² − 1)లో ఘాతం 2, ఒకటి తీసేస్తే 1, దాన్ని సగం చేస్తే పూర్ణాంకం రాదు. మిగతా వాటన్నిటికీ ఘాతం బేసి సంఖ్యే.