నలుగురు కలిసి ఉండే అద్దె ఇంట్లో సన్నాయి సాధన చేయడం ఎలా?

ప్రశ్న: బరంపురం విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను బరంపురంలో డిగ్రీ చదువుతూ, మరో ముగ్గురు విద్యార్థులతో కలిసి ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాను. మా సొంత ఊరు ఇచ్ఛాపురం దగ్గర ఉంది. మా పెదనాన్నగారు అక్కడి గుడిలో సన్నాయి వాయిస్తారు. ఆయన దగ్గరే సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు పూర్తిచేసి ఇప్పుడు గీతాలలోకి వచ్చాను. పాఠం సెలవులకు ఊరు వెళ్లినప్పుడే దొరుకుతుంది కాబట్టి, మిగిలిన సాధన అంతా ఈ ఇంట్లోనే జరగాలి.

తలుపులు, కిటికీలు మూసి ఊదినా వీధి చివరిదాకా వినిపిస్తోందని అక్కడి కిరాణా కొట్టాయన నవ్వుతూ చెప్పారు. నాతో ఉండే ఒడియా మిత్రుడు బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. అతను పైకి ఏమీ అనడు గాని, నేను సన్నాయి పెట్టె తెరవగానే పుస్తకం పట్టుకుని డాబా మీదికి వెళ్లిపోతాడు. ఆ మౌనమే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది. సన్నాయి కింది మూతిలో గుడ్డ కుక్కితే శబ్దం తగ్గుతుందా? గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే ప్రయోజనం ఉంటుందా? ఇలా ఇంట్లో వాయించడానికి చట్టప్రకారం అడ్డంకి ఏమైనా ఉందా? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: రాయగడ మేళగాడు

తమ్ముడూ, ముందు గుడ్డ సంగతి చెబుతాను. ట్రంపెట్‌లో శబ్దమంతా ముందున్న మూతి నుంచే బయటికి వస్తుంది కాబట్టి, దానికి అడ్డుపెట్టే మ్యూట్ బాగానే పనిచేస్తుంది. సన్నాయి అలా కాదు. వేలు తీసిన రంధ్రం నుంచే శబ్దంలో ఎక్కువ భాగం బయటపడుతుంది. అన్ని రంధ్రాలూ మూసినప్పుడే అది ప్రధానంగా కింది మూతి నుంచి వస్తుంది. అందువల్ల గుడ్డ కుక్కితే అడుగు స్వరం పాడై శ్రుతి చెదురుతుంది తప్ప పై స్వరాల గోల పెద్దగా తగ్గదు. కింద శ్రుతి కోసం మైనం పెట్టే రంధ్రాలను కూడా ఇందుకోసం కదిలించకండి.

సన్నాయి శబ్దాన్ని తగ్గించే దారి లేదు కాబట్టి, ఊదవలసిన సమయాన్నే తగ్గించుకోవాలి. సాధనలో సగానికి పైగా పని ఊదకుండానే జరుగుతుంది. గీతాన్ని ముందు నోటితో, తాళం వేస్తూ, మూడు కాలాలలో (వేగాలలో) తడబడకుండా పాడగలిగేదాకా సన్నాయి ముట్టుకోకండి. మా పెద్దలు కూడా ముందు గాత్రం చెప్పి ఆ తరువాతే వాద్యం చేతికిచ్చేవారు. పాట కుదిరాక పీక (నోట పెట్టి ఊదే రెల్లు ముక్క) తీసి పక్కన పెట్టి, ఉత్త గొట్టం మీద వేళ్లు ఆడించండి. ఇది అర్ధరాత్రి చేసినా మీ ఒడియా మిత్రుడి చదువు చెడదు.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. మన వాద్యానికి ఉన్నవి ఏడు వేలి రంధ్రాలే. వాటితో పన్నెండు స్వరస్థానాలూ పలకాలంటే రంధ్రాన్ని సగం మూయడం, పెదవి పట్టు మార్చడం, దమ్ము పెంచడం, తగ్గించడం తప్పవు. మాయామాళవగౌళ రాగంలో రిషభం (రి స్వరం) సరిగ్గా పలికిందో లేదో ఉత్త గొట్టం చెప్పదు. అందుకే మొత్తం సాధన వేళ్ల మీదే నడిపితే, ఊరికి వెళ్లి పెదనాన్నగారి ముందు ఊదగానే స్వరం జారిపోతుంది. రోజూ కొంతసేపు గట్టిగా ఊదడం తప్పనిసరి. ఆ కొంతసేపు మొత్తం దీర్ఘ స్వరాలకూ, శ్రుతి చూసుకోవడానికీ, గమకాలకూ (స్వరాన్ని ఊపి పలికించడానికీ) కేటాయించండి. శ్రుతిపెట్టె పక్కన ఉండాలని వేరే చెప్పనక్కర లేదు.

జవాబు: జయపురం భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

కోడిగుడ్ల అట్టల మీద డబ్బు పోయకండి. అవి గదిలోపలి ప్రతిధ్వనిని కొద్దిగా తగ్గిస్తాయి గాని, తేలికైనవి కాబట్టి శబ్దాన్ని బయటికి పోకుండా ఆపలేవు. శబ్దాన్ని ఆపేది బరువు, ఆ తరువాత సందులు లేకపోవడం. మీ గోడ ఇటుకది అయితే అది తన పని చేస్తూనే ఉంటుంది. శబ్దం కారిపోయేది తలుపు కింది సందు నుంచీ, కిటికీ రెక్కల మధ్య నుంచీ. వాటికి రబ్బరు పట్టీ అంటిస్తే తేడా తెలుస్తుంది. బట్టలతో నిండిన బీరువాను పక్కింటి వైపు గోడకు చేర్చడం కూడా మేలే.

చట్టం విషయానికి వస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట్ల ఈ పరిమితులు 50, 40. మీ ఇల్లు ఏ కళాశాల పక్కనో ఉందేమో చూసుకోండి. సన్నాయి ఈ అంకెలను అవలీలగా దాటుతుంది కాబట్టి, ఇరుగుపొరుగు అభ్యంతరం చెబితే నిబంధన వారి పక్షానే ఉంటుంది.

మీ చెవుల సంగతి ఎవరూ అడగలేదు గాని, చిన్న గదిలో మూసుకుని ఊదితే ముందు దెబ్బ తినేది అవే. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ (NIOSH) సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే.

జవాబు: బరంపురం ఇంటావిడ

బాబూ, మా మేడ మీద కూడా విద్యార్థులే ఉంటారు కాబట్టి ఇంటివాళ్ల వైపు మాట చెబుతున్నాను. అద్దెకున్నవాళ్లు వాద్యం వాయిస్తారన్న సంగతి మాకు పక్కింటివాళ్ల ఫిర్యాదు ద్వారా తెలిస్తే కోపం వస్తుంది. నువ్వే ముందుగా వచ్చి ఫలానా వేళ ఇంతసేపు అని చెబితే రాదు. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసే వేళ వద్దు. సాయంత్రం పిల్లలు వీధిలో ఆడుకునే సమయం మంచిది, ఎలాగూ అప్పుడు గోల ఉంటుంది. నీ ఒడియా మిత్రుణ్ణి కూర్చోబెట్టి అతని పరీక్ష తేదీలు అడుగు. ఆ వారం ఊదడం మానేస్తానని నీ అంతట నువ్వే చెప్పు.

ఇంకొక మాట. సన్నాయి మంగళవాద్యం. వీధిలో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ మైల రోజుల్లో పెట్టె తెరవకు. శబ్దం ఎంతన్నది అప్పుడు ఎవరూ చూడరు. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో మాత్రం ఎంత ఊదినా అడిగేవాడు ఉండడు. కాకపోతే అది రెండేళ్లకొకసారి వస్తుంది!

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గీతాన్ని ముందు నోటితో పాడడం ఈ రోజే మొదలుపెడతాను, ఇంటివారితో రేపు మాట్లాడతాను. ఆదివారాల్లో గోపాల్‌పూర్ సముద్రతీరానికి వెళ్లి తనివితీరా ఊదుకోవచ్చా?

రాయగడ మేళగాడు

వెళ్లవచ్చు, కాని గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగాలికి పీక త్వరగా ఆరిపోతుంది. ఆరుబయట మీ శబ్దం మీకు తిరిగి రాదు కాబట్టి, తక్కువగా వినిపిస్తోందని దమ్ము పెంచి శ్రుతి మించిపోతారు. ఏదైనా గోడ వైపు తిరిగి ఊదితే ఆ బాధ తగ్గుతుంది. రెండు పీకలు అదనంగా పట్టుకెళ్లండి, ఇంటికి రాగానే సన్నాయిని పొడిగుడ్డతో లోపలిదాకా తుడవండి.