కడపలో కట్టే ఇంటికి 10 అడుగులా, 12 అడుగులా?

అందరికీ నమస్కారం. డాలస్‌కు వచ్చి ఇంకా కుదురుకోలేదు. కడపలో అమ్మానాయనల కోసం ఇల్లు మొదలుపెట్టాం, బేస్‌మెంట్ లేచింది. పై అంతస్తు తర్వాత ఎప్పుడో. మేస్త్రీ 10 అడుగుల ఎత్తు చాలంటున్నాడు. నాయన మాత్రం పాత మిద్దెలాగా చల్లగా ఉండాలంటే 12 కావాలంటున్నాడు. నేనుండే అపార్ట్‌మెంట్‌లో 8 అడుగులే, బాగానే ఉంది. ఎవరి మాట వినాలి?

—

తమ్ముడూ, మాది ప్రొద్దుటూరు. ముందు నీ అపార్ట్‌మెంట్‌ను లెక్కలోంచి తీసెయ్. ఇక్కడ అమెరికాలో గోడలకు వేసే జిప్సం షీటు వెడల్పు 4 అడుగులు. అడ్డంగా రెండు బిగిస్తే 8 అడుగుల గోడ. 9 అడుగుల గోడల కోసం 54 అంగుళాల షీట్లు వేరుగా అమ్ముతారు. డాలస్‌లోనూ ఎండలు మండుతాయి, కానీ పైకప్పు దగ్గర మందంగా ఇన్సులేషన్ పరిచి, రోజంతా ఏసీ నడుపుతారు కాబట్టి ఆ ఎత్తు సరిపోతోంది. కడపలో మే నెల ఎండకు నెత్తిన 5 అంగుళాల స్లాబు తప్ప ఏమీ ఉండదు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా గదులకు కనీసం 2.75 మీటర్లు, అంటే సుమారు 9 అడుగులు ఉండాలంటుంది. ఏసీ గదికైతే 2.4 మీటర్లు చాలు.

నాయన మాటలో నిజముంది. అయితే మిద్దె చల్లదనం ఒక్క ఎత్తుతో వచ్చింది కాదు. దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలనే సన్న కొయ్యలు, వాటి మీద మందంగా మట్టి. గోడలూ అంతే మందం. నడుమ గవాక్షి, అంటే పైకప్పులో వదిలే కంత. పగటి ఎండ ఆ మట్టిని దాటి లోపలికి దిగేసరికి పొద్దుగూకేది. లోపలి వేడి గాలి గవాక్షిలోంచి బయటికి పోయేది. ఇప్పటి ఇళ్లలో తలుపులూ కిటికీలూ 7 అడుగుల దగ్గర లింటెల్‌తో, అంటే వాటి పైన వేసే కాంక్రీటు పట్టీతో ఆగిపోతున్నాయి. 12 అడుగుల గది కడితే ఆ పైన 5 అడుగుల మేర వేడి గాలి ఎటూ పోలేక నిలబడుతుంది, ఫ్యాను దాన్నే కిందికి తోస్తుంది. వెంటిలేటర్లు పెట్టకుండా ఎత్తు పెంచడం డబ్బు దండగ. మనవాళ్లు వాటిని మానేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎదురెదురు గోడలకు, స్లాబుకు వీలైనంత దగ్గరగా, దోమల జాలీతో తప్పకుండా పెట్టించు.

ఇంకొకటి. మేస్త్రీ చెప్పే 10 అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికో అడిగావా? బేస్‌మెంట్ పైనుంచి స్లాబు అడుగు వరకు అంటే, మీరు బండలో గ్రానైటో పరిచాక కింది సిమెంటు మసాలాతో కలిపి 3, 4 అంగుళాలు పోతాయి. పైన ప్లాస్టరింగ్ ఇంకో అర అంగుళం. చివరికి చేతికొచ్చేది 9 అడుగుల 8 అంగుళాలు. ఫాల్స్ సీలింగ్ వేస్తే 9కి దిగుతుంది. స్లాబు పైవరకు కలిపి 10 అంటే ఇంకా తక్కువ. హాలు మధ్యలో బీము వస్తే అక్కడ మరో అడుగు కిందికి. అందుకే నా మాట: బేస్‌మెంట్ పైనుంచి స్లాబు అడుగుకు 11 అడుగులు చెప్పు. క్లియర్‌గా పదిన్నర పైనే మిగులుతుంది. నాయనకూ తృప్తిగా ఉంటుంది.

12 ఎందుకు వద్దంటున్నానంటే, మెట్లు. పదికీ పన్నెండుకూ తేడా 2 అడుగులు, అంటే 6 అంగుళాల మెట్లు 4 ఎక్కువ. మిరపకాయలకూ వడియాలకూ అమ్మ మేడెక్కకుండా ఉండదు కదా, మోకాళ్ల సంగతి ఇప్పుడే ఆలోచించాలి. పడకగదికి ఏసీ పెడితే అది చల్లబరచాల్సిన గాలి కూడా అయిదో వంతు పెరుగుతుంది.

—

తమ్ముడూ, ఆదోని నుంచి అక్కను. పైన అన్న చెప్పిందంతా నిజమే, స్లాబు సంగతి ఒక్కటి నేను చెప్తాను. పై అంతస్తు కట్టేదాకా ఎండంతా ఆ స్లాబు మీదే. రాత్రి అది వేడి వదులుతుంటే కింద 10 ఉన్నా 12 ఉన్నా మనిషికి నిద్ర పట్టదు. ఎత్తులో మిగిలే డబ్బు పెట్టి మేడ మీద తెల్ల టైల్స్ వేయించు, అంత వద్దనుకుంటే ఏటా వేసవికి ముందు తెల్లసున్నం కొట్టించు. ఫ్యాను రెక్కలు నేలకు 8, 9 అడుగుల మధ్య ఉండేలా రాడ్డు తీసుకో. పొట్టి రాడ్డుతో స్లాబుకు అంటించినట్టు బిగిస్తే గాలి సరిగా రాదు.

—

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. సగం టెన్షన్ తగ్గింది. 11 అని నాయనకు ఈరోజే చెప్తాను. వెంటిలేటర్ల మాట మేస్త్రీకి ఎప్పుడు చెప్పాలి?

—

ఇప్పుడే చెప్పు, లింటెల్ దాటి గోడ లేచాక వాళ్లు మళ్లీ పగలగొట్టరు. మెట్ల లెక్క కూడా కొత్త ఎత్తుకు మళ్లీ వేయమను, లేకపోతే చివరి మెట్టు ఎత్తు తేడా వస్తుంది. స్లాబు పోయడానికి సెంట్రింగు (కింద ఆనించే అచ్చు) కొట్టిన రోజు, కంకర పోయకముందే నాయనను నాలుగు మూలలా టేపు పెట్టించి ఫోటోలు పంపమను.