బోర్టెజోమిబ్ రీడాకింగ్: బోరాన్ దగ్గర ఆగిపోయాను

తార్నాకలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నా. 20ఎస్ ప్రోటియాజోమ్‌కి (కణంలో ప్రోటీన్లని ముక్కలు చేసే యంత్రం) కొత్త ఇన్‌హిబిటర్లు (దాన్ని ఆపే అణువులు) వెతకాలి. ముందు పద్ధతి సరిచూసుకుందామని 2ఎఫ్16 క్రిస్టల్‌లోంచి (మందు అతుక్కుని ఉన్న ప్రోటియాజోమ్ నిర్మాణం) బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందుని తీసి, మళ్లీ అక్కడే డాక్ చేస్తున్నా, అంటే కంప్యూటర్లో అమర్చి చూస్తున్నా.

డాకింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోడాక్ వీనా మందులోని బోరాన్‌ని తీసుకోలేదు, దాని చోట కార్బన్ పెట్టాను. మూడు రోజులుగా ఆర్ఎంఎస్‌డీ (క్రిస్టల్‌లోని అసలు చోటుకీ డాకింగ్ ఇచ్చిన చోటుకీ తేడా) 4 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటుతోంది. 2 లోపు రావాలి. ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత గట్టిగా వెతకాలన్న సెట్టింగ్) 8 నుంచి 32కి పెంచాను, క్రిస్టల్‌లోని నీటి అణువులు తీసేశాను, మందు అతుక్కునే బీటా5 చైన్‌తో పాటు బీటా6 చైన్ కూడా ఉంచాను (ఎస్3 పాకెట్‌లో దానికీ వాటా ఉంది). మందులో లూసిన్ వైపు ఎస్1 పాకెట్‌లో బాగానే కూర్చుంటోంది, రెండో చివరనున్న పైరజిన్ రింగు మాత్రం బయటికి తిరిగిపోతోంది. బోరాన్ చోటు, బీటా5లోని త్రియోనిన్-1 అమైనో ఆమ్లం ఆక్సిజన్‌కి 3.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఆగుతోంది. అసలు అక్కడ బోరాన్‌కీ ఆ ఆక్సిజన్‌కీ మధ్య ఉన్నది కోవలెంట్ బంధం, వీనాకేం తెలుసు పాపం!

అందుకే ఆటోడాక్4లో ఆ బంధాన్ని లెక్కలోకి తీసుకునే కోవలెంట్ డాకింగ్‌కి మారుతున్నా. నాలుగు బంధాల బోరాన్‌కి పారామీటర్ ఫైల్లో ఏ విలువలు పెట్టాలి, చేసినవాళ్లెవరైనా చెప్తారా?