పంది మాంసం కొనేటప్పుడు చూసేది ధరా, పెంపకమా, పక్కింటివారి కళ్లా?

చంపావతి ఒడ్డు (గజపతినగరం):
మా వైపు ఇప్పుడు రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకటి నల్ల నాటు పంది. సంత పక్కన తెల్లవారుజామునే కోసి అమ్ముతారు. రెండోది షెడ్డులో పెంచిన తెల్ల సీమ పంది. కేజీకి 50 రూపాయలు ఎక్కువ. రుచి నాటుదేనని మా మామయ్య, శుభ్రం సీమదేనని మా ఆవిడ. ఇద్దరి మాటా పైపైదేనని నా వాదన. మేక మాంసం ధరలో సగానికి రాకపోతే మనలో ఎంతమంది ఆ కొట్టు గడప తొక్కుతారు? కొనిపించేది ధర ఒక్కటే. కాదనేవారు కారణం చెప్పండి.

ఆదివారం వంట (శ్రీకాకుళం):
నేను కాదంటాను. ధరే ముఖ్యమైతే బ్రాయిలర్ కోడితో సరిపెట్టుకోవచ్చు కదా. పంది తినేవారు తోలు కోసం, దాని కింది కొవ్వు కోసం వస్తారు. వరిగడ్డి మంటలో బొచ్చు కాల్చి, పసుపు పట్టించి, కత్తితో గీకి కడిగిన తోలుకు వచ్చే కమ్మదనం వేడినీళ్లు పోసి గీకినదానికి రాదు. సీమ పందిలో కండ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ కూర తిన్నాక చేతికి జిడ్డు కూడా అంటదు! దానికి అదనంగా 50 రూపాయలా?

గరివిడి విద్యార్థి (పశువైద్యం):
రుచి మీ ఇష్టం, పురుగు సంగతి మాత్రం వినండి. ఆరుబయట మలం తినే పందికి బద్దెపురుగు గుడ్లు లోపలికి పోయి కండలో తిత్తులు కడతాయి. కోసిన ముక్కలో బియ్యపు గింజంత తెల్లని బుడగలు కనిపిస్తే కొనకండి. నాలుక, గుండె కూడా చూపించమనండి. సరిగా ఉడకని మాంసం తింటే మన పేగులో పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు, మూర్ఛ వచ్చే దారి వేరు. పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీళ్లలోకో కూరాకుల మీదికో చేరి నోట్లోకి పోతే అవి వస్తాయి. పంది ముట్టనివారికీ ఈ జబ్బు రావడానికి కారణం అదే.

చంపావతి ఒడ్డు:
సరే, నల్లదా తెల్లదా? ఒక్క ముక్కలో చెప్పండి.

గరివిడి విద్యార్థి:
రంగు కాదు, ఎక్కడ తిరిగిందో అడగండి. కట్టి మేపిన నల్ల పంది శుభ్రమే. తెల్లవాటిలో చాలావరకు లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతివో, దాని సంకరాలో. జాతి మారినంత మాత్రాన పురుగు పారిపోదు. ఏదైనా సరే, లోపల ఎరుపు కనిపించకుండా ఉడికించండి.

షెడ్డు మనిషి (కొత్తవలస):
పెంచి అమ్మేవాడిగా చెబుతున్నాను. కొనడానికి వచ్చినవారు ముందు రోడ్డుకు అటూ ఇటూ చూస్తారు, ఆ తర్వాతే మాంసం వైపు చూస్తారు. రెండో మాట "నల్ల కవరు ఉందా?" అద్దె ఇంటి యజమానికి తెలిస్తే ఖాళీ చేయమంటాడని భయం. ధర మూడో మాట. వారానికోసారి కొనగలిగినవారు కూడా ఈ బెరుకుతోనే పండగకో పబ్బానికో వస్తున్నారు. రుచి, పురుగు గురించి ఇంత రాసినవారు దీని మీద ఒక్క వాక్యం రాయలేదు.

ఇంకొకటి. 2020లో అస్సాం, అరుణాచల్‌ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. అది పందులను చంపుతుందే తప్ప మనుషులకు సోకదు. అయినా ఎక్కడో పందులు చచ్చాయని టీవీలో వచ్చిందంటే ఇక్కడ నా బేరం పడుకుంటుంది. సోకదని నేను చెబితే అమ్ముకునేవాడి మాట అంటారు. దేశంలో పందుల సంఖ్య 2012 నుంచి 2019 లెక్కలకు 12 శాతం తగ్గింది. పెంచడానికి కొత్తవాళ్లు ఏ ధైర్యంతో వస్తారు?

ఆదివారం వంట:
కవరు సంగతి నిజమే, షెడ్డు మనిషి గారూ. మా ఇంట్లోనూ కుక్కర్ మూత తీసే ముందు వీధి తలుపు వేస్తారు. కానీ మీ 50 రూపాయలకు నాకు దొరికే హామీ ఏమిటి? షెడ్డులో పెరిగిందని మీ నోటి మాటేగా. పట్టణాల్లో గుర్తింపు ఉన్న కబేళాలోనే కోయాలని, కోసేముందు పశువైద్యుడు పరీక్షించాలని 2001 నుంచీ కేంద్రం నిబంధన ఉంది. పరీక్షించినట్టు ముద్ర ఉన్న ముక్క చూపించండి, 50 కాదు, 70 ఇస్తాను.

చంపావతి ఒడ్డు:
చూశారా, మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం!

షెడ్డు మనిషి:
ముద్ర వేయించడానికి నేను సిద్ధం. ముందు పందిని లోపలికి రానిచ్చే కబేళా ఎక్కడుందో చూపించండి. నేను అడిగిన చోట మేకలనూ గొర్రెలనూ తీసుకుంటాం, మీది బయటే కోసుకోండి అన్నారు.